నేరమంతా నల్ల ద్రవం మీదికి



తేదీ పదమూడు, వారం శుక్రవారం కలిసొస్తే మంచిది కాదని అమెరికాలో ఒక నమ్మకం. హత్యల సినిమాలు తీసేవాళ్ళకి మాత్రం విడుదలకి అంతకంటే మంచి రోజు లేదు. 2019 డిసెంబరు 13 అలాంటి శుక్రవారమే. ఆ రోజు ‘బ్లాక్ క్రిస్మస్’ అనే సినిమా వచ్చింది. ఒక కాలేజీ, అమ్మాయిలు కలిసి ఉండే ఒక ఇల్లు, క్రిస్మస్ సెలవులు, ఒక్కొక్కరుగా మాయమైపోతున్న ఆడపిల్లలు. దర్శకురాలు సోఫియా టకాల్. ఏప్రిల్ వోల్ఫ్‌తో కలిసి కథ రాసింది కూడా ఆవిడే. ఇలాంటి సినిమాల్లో కత్తి పట్టినవాడి కళ్ళతో ఆడపిల్లని చూడడం ప్రేక్షకులకు ఎప్పుడో అలవాటైపోయింది. ఇద్దరు స్త్రీలు కూర్చుని, ఆ ఆడపిల్ల వైపు నుంచి కథ చెబుతామంటే నేను నిజంగా ఆశపడ్డాను. సినిమా చూశాక ఆ ఆశంతా పోయింది. ఎందుకు పోయిందో ఈ పూట మీకు చెప్పాలని ఉంది. చెప్పాలంటే ముగింపు దాకా మొత్తం కథ చెప్పక తప్పదు.

ఇలాంటి సినిమాలను స్లాషర్లు అంటారు. ఒకచోట చిక్కుకుపోయిన కొందరు వయసు పిల్లలు, వాళ్ళని వరసగా చంపుకుంటూ వచ్చే హంతకుడు, ఆఖరుకి మిగిలే ఒక అమ్మాయి. ఇంతకుమించి కథ అక్కర్లేదనుకునే దర్శకులే ఎక్కువ. వీటికి కాలేజీ బాగా నప్పుతుంది. మొదటిసారి ఇల్లు వదిలి వచ్చిన పిల్లలు, పెద్దవాళ్ళు లేని ఇల్లు, సెలవులకు ఖాళీ అయిపోయే క్యాంపస్. అమెరికన్ కాలేజీల్లో ఫ్రటర్నిటీలు, సొరోరిటీలు అని ఉంటాయి. మొదటివి అబ్బాయిల సంఘాలు, రెండోవి అమ్మాయిలవి. గ్రీకు అక్షరాలే వాటి పేర్లు. చాలాచోట్ల సంఘానికి సొంత ఇల్లుంటుంది. చేరాలంటే పాత సభ్యులు ఒప్పుకోవాలి, ప్రమాణాలు చేయాలి, బయటికి చెప్పకూడని తంతులు జరుగుతాయి. మన కాలేజీ హాస్టల్లో వార్డెను మాట నడుస్తుంది. అక్కడ ఆ ఇంట్లో సంఘం మాట నడుస్తుంది. జీవితాంతం ఒకరికొకరు అండగా ఉంటామని మాట ఇచ్చుకుంటారు వాళ్ళు. ఆ అండ ఎవరిని కాపాడుతుంది, ఎవరి తప్పును కప్పిపెడుతుంది అన్న ప్రశ్న మీద 2019 సినిమా నిలబడాలి.

ఈ పేరుతో వచ్చిన సినిమాల్లో ఇది మూడోది. మొదటిది 1974లో కెనడాలో వచ్చింది. బాబ్ క్లార్క్ దర్శకుడు, రాయ్ మూర్ రచయిత. టొరంటోలో తీశారు. స్లాషర్లలో పేరుమోసిన జాన్ కార్పెంటర్ ‘హాలోవీన్’ అప్పటికింకా నాలుగేళ్ళ దూరంలో ఉంది. జెఫిరెల్లీ ‘రోమియో అండ్ జూలియట్’లో జూలియట్‌గా వేసిన ఒలీవియా హస్సీ ఇందులో జెస్ అనే విద్యార్థిని. ఆ తర్వాత ‘సూపర్‌మ్యాన్’లో లోయిస్ లేన్‌గా పేరు తెచ్చుకున్న మార్గో కిడ్డర్ నోటి దురుసు అమ్మాయి బార్బ్. నా దృష్టిలో ఇప్పటికీ కాలేజీ స్లాషర్లలో దీన్ని మించింది రాలేదు. అది ఏం చేసిందో తెలిస్తేనే మూడోది ఎక్కడ జారిపోయిందో తెలుస్తుంది. కాబట్టి కాసేపు దాని దగ్గర ఆగుదాం.

సినిమా ఇంటి బయట మొదలవుతుంది. లోపల పార్టీ జరుగుతోంది, కిటికీల్లో రంగు దీపాలు. మనం చూస్తున్నది హంతకుడి కళ్ళతో. గోడకు తీగలు పాకించడానికి కట్టిన చట్రం పట్టుకుని అతను అటక మీదికి ఎక్కుతాడు. కెమెరా ఆపరేటర్ బర్ట్ డంక్ కెమెరాను ఒంటికి కట్టుకుని ఆ షాట్లు తీశాడు. ఇక సినిమా అయ్యేదాకా ఆ మనిషి ఆ ఇల్లు వదిలి వెళ్ళడు. కింద అమ్మాయిలు తింటారు, తాగుతారు, పోట్లాడుకుంటారు, సెలవులకు పెట్టెలు సర్దుకుంటారు. పైన అతను ఉన్నాడు. ఆ సంగతి మనకు తెలుసు, వాళ్ళకు తెలియదు. మధ్యమధ్యలో ఫోను మోగుతుంది. ఎత్తితే అవతల ఒకసారి ఏడుపు, ఒకసారి పసిపిల్ల గొంతు, ఒకసారి వినలేని బూతులు. ఆ గొంతు ఇచ్చినవాళ్ళలో ఒకడైన నిక్ మంకూసో, మాట నలిగి రావాలని తలకిందులుగా నిలబడి చెప్పాడట. పాము కనపడకుండా బుస ఒక్కటే వినపడుతున్నట్టు ఉంటుంది మనకి.

క్లేర్ అనే అమ్మాయిని మొదట్లోనే చంపేస్తాడు. బట్టల మీద కప్పే ప్లాస్టిక్ తొడుగుతో ఊపిరాడకుండా చేసి, ఆమెను అటక మీద కిటికీ పక్కన ఊగే కుర్చీలో కూర్చోబెడతాడు. మర్నాడు కూతుర్ని ఇంటికి తీసుకుపోదామని తండ్రి వస్తాడు. చెప్పిన వేళకు ఆమె రాదు. ఆ పెద్దమనిషి క్యాంపస్‌లో అటూ ఇటూ చూస్తూ నిలబడే దృశ్యాలు చాలా చిన్నవి. రక్తం చుక్క కనపడదు. ఆడపిల్లను దూరాన చదివిస్తున్న ఏ తండ్రయినా వాటిని తేలిగ్గా చూడలేడు. పోలీసుస్టేషన్‌కి వెళితే, ఏ కుర్రాడితోనో వెళ్ళి ఉంటుందిలే అన్న ధోరణి. ఆ నిర్లక్ష్యం మీద ఎవరూ ఉపన్యాసం ఇవ్వరు. కెమెరా అక్కడి సార్జెంటు మొహం చూపించి ఊరుకుంటుంది.

చివరికి జాన్ సాక్సన్ వేసిన లెఫ్టినెంట్ ఫుల్లర్ ఆ ఇంటి ఫోను మీద నిఘా పెడతాడు. పాత టెలిఫోన్ ఎక్స్ఛేంజీల సంగతి తెలిసినవాళ్ళకి ఈ ఘట్టం మరీ బాగా పడుతుంది. కాల్ ఎక్కడి నుంచి వస్తోందో తెలియాలంటే మనిషి పరుగెత్తాలి. నిలువెత్తు స్విచ్చుల వరసల మధ్య టెక్నీషియన్ ఒక బీరువా నుంచి ఇంకో బీరువాకి పరిగెడుతుంటాడు, ఇక్కడ జెస్ ఆ గొంతును ఎలాగోలా లైను మీద నిలబెట్టి ఉంచాలి. జాడ దొరుకుతుంది. ఫోను వస్తున్నది ఆ ఇంట్లోనే ఉన్న ఇంకో లైను నుంచి. ఇంటి నుంచి బయటికి నడిచి వచ్చెయ్యమని ఆమెకు చెబుతారు. పైన ఇద్దరు స్నేహితురాళ్ళున్నారు. ఆమె చేతికి దొరికిన ఇనప ఊచ పట్టుకుని మెట్లెక్కుతుంది.

ఈ జెస్‌కు ఇంకో కథ కూడా ఉంది. ఆమె గర్భవతి. ప్రియుడు పీటర్ పియానో విద్యార్థి, పెళ్ళి చేసుకుందాం, బిడ్డను కందాం అంటాడు. తనకు చేయాల్సిన పనులు వేరే ఉన్నాయని, గర్భం తీయించుకుంటానని ఆమె అంటుంది. ఏడవదు, సంజాయిషీ ఇవ్వదు. అతను బతిమాలతాడు, తర్వాత బెదిరిస్తాడు, ఆ తర్వాత కాలేజీ పియానోను విరగ్గొడతాడు. అమెరికా సుప్రీంకోర్టు గర్భస్రావం మీద రో వర్సెస్ వేడ్ తీర్పు ఇచ్చి అప్పటికి రెండేళ్ళయినా కాలేదు. అటక మీది పిచ్చివాడు ఎంత భయం పుట్టిస్తాడో, తన మాట వినలేదన్న కోపంతో వచ్చే ఈ చదువుకున్న కుర్రాడు అంత భయమూ పుట్టిస్తాడు. పీటరే హంతకుడని జెస్ నమ్ముతుంది, ఆఖర్న పోలీసులూ నమ్ముతారు. నేలమాళిగలో ఆమె అతన్ని చంపేసింది కాబట్టి కేసు తేలిపోయిందనుకుంటారు. మత్తుమందిచ్చి ఆమెను పక్క మీద వదిలి వెళతారు. అటక ఎవరూ వెతకరు. క్లేర్ ఇంకా కుర్చీలోనే ఉంది. ఫోను మోగుతుంది. హంతకుడు ఎవరో, ఎందుకు చంపాడో సినిమా చెప్పదు.

ఈ సినిమాకి 1978 జనవరిలో ఒక విషాదం అంటుకుంది. ఆ నెల 15న తెల్లవారుజామున ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ దగ్గర కై ఒమేగా సొరోరిటీ ఇంట్లోకి వరస హత్యల హంతకుడు టెడ్ బండీ చొరబడ్డాడు. నిద్రపోతున్న ఇద్దరు అమ్మాయిలను చంపాడు, ఇంకో ఇద్దరిని తీవ్రంగా గాయపరిచాడు. ఆ నెలాఖరులోనే ఎన్‌బీసీ టెలివిజన్ ఈ సినిమాను ‘స్ట్రేంజర్ ఇన్ ద హౌస్’ పేరుతో ప్రసారం చేయాల్సి ఉంది. ఫ్లోరిడాలో, చుట్టుపక్కల రాష్ట్రాల్లో స్టేషన్లకు దాని బదులు వేరే సినిమా వేసుకునే వీలు ఇచ్చారు. ఆ పని సరైనదే. తెర మీద భయం అంత దగ్గరగా నిజమైపోయినప్పుడు ఎవరికైనా కొంత వ్యవధి కావాలి.

2006లో వచ్చిన రెండో సినిమా గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. గ్లెన్ మోర్గాన్ తీశాడు. పాత సినిమాలో ఫోన్లో వినపడిన బిల్లీ అనే పేరు పట్టుకుని, వాడికొక బాల్యం, కాలేయం జబ్బుతో పచ్చబడిన చర్మం, క్రూరురాలైన తల్లి, అన్నీ సమకూర్చారు. వాడి గురించి అన్నీ తెలిసిపోయాయి. అన్నీ తెలిశాక వాడంటే భయం పోయింది.

ఇక టకాల్ సినిమా. నిజం చెప్పాలంటే మొదటి సగం చూస్తూ నేను చాలా సంతోషించాను. హాథోర్న్ అనే కల్పిత కాలేజీ. న్యూజీలాండ్‌లోని డనీడిన్‌లో, ఒటాగో యూనివర్సిటీ రాతి భవనాల మధ్య తీశారు. కథానాయిక రైలీగా ఇమోజెన్ పూట్స్ చాలా బాగా చేసింది. ఒక ఫ్రటర్నిటీ మాజీ అధ్యక్షుడు బ్రయన్ తన మీద అత్యాచారం చేశాడని రైలీ ఫిర్యాదు చేసింది, ఎవరూ నమ్మలేదు. అప్పటి నుంచి ఆమె తలవంచుకుని తిరుగుతుంది, మాట తగ్గించుకుంది. స్నేహితురాలు క్రిస్ దీనికి పూర్తిగా వేరే. కాలేజీ స్థాపకుడు కాల్విన్ హాథోర్న్ బానిసలను ఉంచుకున్నవాడని అతని విగ్రహాన్ని కాలేజీ హాల్లోంచి తీయించింది. తెల్ల మగవాళ్ళ పుస్తకాలు తప్ప పాఠం చెప్పనంటున్న ప్రొఫెసర్ జెల్సన్ మీద సంతకాలు సేకరిస్తోంది. ఒకే ఇంట్లో ఉండే ఈ ఇద్దరి మధ్య నలిగే మాటలు, మనం ఏ హాస్టల్ గదిలోనైనా వినగలిగినంత సహజంగా ఉంటాయి. నోరెత్తు అని ఒకరు, నన్ను వదిలెయ్యి అని ఒకరు.

ఫ్రటర్నిటీ ఇంట్లో జరిగే క్రిస్మస్ వేడుకలో ఈ అమ్మాయిలు ఒక పాట పాడతారు. పండగ పాట వరసలోనే, మత్తులో ఉన్న అమ్మాయిల మీద జరిగే అత్యాచారాల గురించి మాటలు మార్చి రాసుకున్న పాట. పాడాల్సిన హెలెనా అనే అమ్మాయి రాలేకపోవడంతో రైలీ వేదిక ఎక్కుతుంది. ఎదురుగా జనంలో బ్రయన్ నిలబడి ఉంటాడు. ఆమె గొంతు పెగలదు. తర్వాత పెగులుతుంది. పూట్స్ మొహంలో ఆ రెండు క్షణాల మధ్య జరిగే మార్పు కోసం ఈ సినిమాను ఇంకోసారి చూడమన్నా చూస్తాను. ఆ వీడియో ఊరంతా పాకుతుంది. తర్వాత అమ్మాయిల ఫోన్లకు స్థాపకుడి పేరుతో బెదిరింపు సందేశాలు మొదలవుతాయి.

భయపడి రైలీ క్యాంపస్ సెక్యూరిటీ దగ్గరికి వెళితే, 1974 నాటి సార్జెంటు మాటే మళ్ళీ వినపడుతుంది. కనిపించని అమ్మాయి ఎవరితోనో ఉండి ఉంటుందిలే అని. ఈ నలభై అయిదేళ్ళలో అమెరికాలో చట్టం మాత్రం మారింది. 1986లో పెన్సిల్వేనియాలోని లీహై యూనివర్సిటీ హాస్టల్ గదిలో జీన్ క్లెరీ అనే విద్యార్థిని హత్యకు గురైంది. ఆమె తల్లిదండ్రుల పోరాటం వల్ల 1990లో చట్టం వచ్చింది, 1998లో దానికి ఆమె పేరు పెట్టారు. ప్రభుత్వ ఆర్థిక సాయంలో పాలుపంచుకునే ప్రతి కాలేజీ తన క్యాంపస్‌లో జరిగిన నేరాల లెక్కను ఏటా అక్టోబరు 1 లోగా బయటపెట్టాలి. ప్రమాదం ఉందని తెలిస్తే విద్యార్థులను వెంటనే హెచ్చరించాలి. పిల్లలను అమెరికా పంపుతున్న మన తెలుగు తల్లిదండ్రులు ఫీజులు, ర్యాంకులు చూసినట్టే ఆ భద్రతా నివేదికను కూడా చూడొచ్చు. అది ఎవరైనా చదవడానికి పెట్టిందే. చట్టం ఉన్నా ఫిర్యాదులు పక్కన పడేశారని ఆరోపణలు వస్తూనే ఉన్నాయి. 2014 మేలో, లైంగిక హింస ఫిర్యాదులను పట్టించుకున్న తీరు మీద విచారణలో ఉన్న 55 విద్యాసంస్థల జాబితాను అమెరికా విద్యాశాఖే విడుదల చేసింది. టకాల్ చేతిలో ఉన్న ముడిసరుకు ఇది.

ఇంత సరుకు పెట్టుకుని సినిమా ఎక్కడికి పోయిందో వినండి. ఫ్రటర్నిటీ ఇంటికి చేరిన స్థాపకుడి విగ్రహంలోంచి నల్లటి ద్రవం కారుతుంది. హాథోర్న్‌కు క్షుద్రవిద్యలు వచ్చు. కొత్తగా చేరే కుర్రాళ్ళకు దీక్ష ఇచ్చేటప్పుడు ఆ ద్రవం పూస్తారు. పూయగానే అతని ఆత్మ వాళ్ళలోకి వస్తుంది. ముసుగులేసుకుని అమ్మాయిలను చంపుతున్నది వాళ్ళే. దీని వెనక ప్రొఫెసర్ జెల్సన్. కేరీ ఎల్వెస్ ఆ పాత్రలో నిలబడి, ఆడవాళ్ళను మళ్ళీ వాళ్ళ స్థానంలో ఉంచాలని పెద్ద ప్రసంగమే చేస్తాడు. రైలీ విగ్రహం బద్దలు కొట్టగానే మంత్రం విరిగిపోతుంది. క్రిస్ మిగతా అమ్మాయిలను వెంటబెట్టుకుని వస్తుంది. ఇల్లు తగలబడుతుంది, మగవాళ్ళు లోపల చిక్కుకుంటారు.

ఇక్కడే నాకు కోపం వచ్చింది. బ్రయన్ రైలీని పాడుచేసిన రాత్రి అతని నుదుటి మీద ఏ ద్రవం ఉంది? విగ్రహం అప్పటికింకా కాలేజీ హాల్లోనే ఉంది కదా! ఆమె ఫిర్యాదు చేస్తే నమ్మనివాళ్ళను ఏ ఆత్మ పట్టింది? వాళ్ళు మామూలు మనుషులు. తెలిసి చేశారు, తెలిసి ఊరుకున్నారు. సినిమా మొదటి సగం ఆ మాటే ఎంతో ధైర్యంగా చెప్పింది. రెండో సగం వచ్చి, కాదు, వాళ్ళకు దయ్యం పట్టిందని చెప్పింది. ల్యాండన్ అనే మంచి కుర్రాడికి కూడా ద్రవం పూయగానే కళ్ళు మారిపోతాయి, విగ్రహం పగలగానే మళ్ళీ మంచివాడైపోతాడు. అంటే ఎంచుకోవడం అన్నది మంచివాడికీ లేదు, చెడ్డవాడికీ లేదు. నిందితుడి తరఫు వకీలు కూడా ఇంతకంటే మంచి వాదన తేలేడు. రైలీ లాంటి అమ్మాయిల కోసం తీసిన సినిమాలో ఈ మాట రావడం నాకు బాధ కలిగించింది.

ఈ సినిమా నచ్చనివాళ్ళలో చాలామంది వేరే కారణం చెప్పారు. స్త్రీవాదం ఎక్కువైందని, నీతులు చెబుతోందని. నేను ఒప్పుకోను. 1974 సినిమా కూడా స్త్రీ పక్షానే నిలబడింది. కాకపోతే జెస్ తన నిర్ణయం తాను తీసుకుంటుంటే మనల్ని చూడనిచ్చింది. ఇక్కడ మనం చూసి తెలుసుకోవలసింది కూడా పాత్రలు నోటితో చెప్పేస్తాయి. హాల్లో కూర్చున్నవాళ్ళను విడుదల రోజునే అడిగి గ్రేడు ఇచ్చే సినిమాస్కోర్ సర్వేలో దీనికి డి-ప్లస్ వచ్చింది. భయం కోసం వచ్చినవాళ్ళకు భయం దొరకలేదు. వాళ్ళ మీద తప్పు నెట్టడం న్యాయం కాదు.

తొందర కూడా కొంత కొంప ముంచింది. 2019 జూన్‌లో ప్రకటించి డిసెంబరులో విడుదల చేశారు. అంటే రాత నుంచి ఎడిటింగ్ దాకా దేనికీ నిదానం లేదు. దీన్ని నిర్మించిన బ్లమ్‌హౌస్ సంస్థ పద్ధతే తక్కువ ఖర్చుతో, తక్కువ రోజుల్లో తీయడం. దీనికి పెట్టింది 5 మిలియన్ డాలర్లు, వచ్చింది సుమారు 18 మిలియన్లు. లెక్క ప్రకారం నష్టం లేదు. చిన్న వయసు అమ్మాయిలు కూడా చూడాలని పీజీ-13 రేటింగుకి తగ్గట్టు కోతలు పెట్టారు. ఆ ఉద్దేశం నాకు నచ్చింది. అయితే రక్తం చూపించకూడదనుకున్నప్పుడు నిశ్శబ్దంతో, ఎదురుచూపుతో భయం కట్టాలి. 1974 సినిమాలో కూడా రక్తం తక్కువే. ఇక్కడ దెబ్బ పడే ముందే షాట్ తెగిపోతుంది, ఆ ఖాళీలో ఇంకేమీ పెట్టలేదు. ఒక్క చోట, పొడవాటి నడవలో కెమెరా కదలకుండా నిలబడి, వెనక నుంచి ముసుగు మనిషి దాటేటప్పుడు, 1990 నాటి ‘ది ఎగ్జార్సిస్ట్ 3’లోని ఆస్పత్రి దృశ్యం గుర్తొచ్చి వెన్ను జలదరించింది. ఈ దర్శకురాలికి పని రాక కాదు. అంతకుముందు 2016లో ‘ఆల్వేస్ షైన్’ అనే సినిమాలో ఇద్దరు నటీమణుల స్నేహంలో దాగిన అసూయను ఏ దయ్యం సాయం లేకుండా గుండె దడదడలాడేలా తీసిందావిడ. ఇక నిర్మాతల పక్క చూస్తే, ట్రైలర్లోనే సగానికి పైగా గుట్టు విప్పేశారు. దాచుకోవలసింది ఏదో వాళ్ళకే తెలియలేదు.

హెలెనా గురించి చెప్పి ముగిస్తాను. వేడుక రాత్రి, తాగి తూలుతున్న హెలెనాను మేడ మీద గదిలో ఒక కుర్రాడి నుంచి రైలీ తప్పిస్తుంది. ఆ తర్వాత ఆమె కనపడదు. చనిపోయి ఉంటుందనుకుంటాం. తీరా చివర్లో తెలుస్తుంది, ఆమె ఫ్రటర్నిటీ పక్షాన పనిచేస్తోంది. తోటి అమ్మాయిల వస్తువులు ఒక్కొక్కటి దొంగిలించి వాళ్ళకు అందించింది ఆమే. చెప్పినట్టు విని ఒదిగి ఉంటే తనను ఏమీ చేయరని నమ్మింది. పని కాగానే వాళ్ళు ఆమెను కూడా చంపేస్తారు. ఇదంతా తెర మీద రెండు నిమిషాలు కూడా ఉండదు. ఒకే ఇంట్లో తిని, ఒకే బల్ల మీద చదువుకున్న అమ్మాయి అటు ఎందుకు వెళ్ళింది? ఎప్పుడు వెళ్ళింది? మేడ మీద గదిలోకి ఆమె పోయింది తెలిసేనా? రైలీ కాపాడినప్పుడు ఆమెకు ఏమనిపించింది? హెలెనాకు ఏ ద్రవమూ పూయలేదు. ఆ ఇంటి మొత్తంలో తనంతట తాను, తెలివిలో ఉండి, హంతకుల వైపు నడిచి వెళ్ళిన పిల్ల ఆమె ఒక్కతే. నాలుగోసారి ఎవరైనా ఈ సినిమా తీస్తే, అటకనీ విగ్రహాన్నీ పక్కనపెట్టి, హెలెనా గదిలోంచి కథ మొదలుపెట్టాలని నా కోరిక.